ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ తర్వాత అక్షరాలు ఎక్కడున్నాయి?

సి భాషలో ఫైళ్ళ పాఠం చాలామందికి మూడు లైన్లలో అయిపోతుంది. ఎఫ్‌ఓపెన్‌తో తెరువు, ఎఫ్‌ప్రింట్‌ఎఫ్‌తో రాయి, ఎఫ్‌క్లోజ్‌తో మూసెయ్యి. పరీక్షకి ఇది సరిపోతుంది. అసలు ప్రోగ్రామ్‌లోకి వచ్చేసరికి ఈ మూడు లైన్లే రకరకాల వేషాలు వేస్తాయి. ప్రోగ్రామ్ గంట నుంచి నడుస్తూ ఉంటుంది, ఫైల్ తెరిచి చూస్తే సున్నా బైట్లు. ప్రోగ్రామ్ క్రాష్ అవుతుంది, లాగ్‌లో ఆఖరి లైన్ సగంలో తెగి ఉంటుంది. స్క్రీన్ మీద ఒక వరుసలో కనిపించిన మెసేజ్‌లు ఫైల్లోకి మళ్ళించగానే తారుమారవుతాయి. డిస్క్ పూర్తిగా నిండిపోయినా ప్రోగ్రామ్ మాత్రం ఏ ఫిర్యాదూ లేకుండా ముగుస్తుంది.

చూడటానికి ఇవి నాలుగు వేర్వేరు తలనొప్పులు. వెనకున్న కారణం ఒక్కటే. ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ తన పని ముగించి తిరిగొచ్చేసరికి మీ అక్షరాలు ఇంకా దారిలోనే ఉంటాయి. ఆ దారిలో మూడు మజిలీలున్నాయి: ప్రోగ్రామ్ సొంత మెమరీలోని బఫర్, ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్ దగ్గరుండే పేజ్ క్యాష్ (డిస్క్‌కి పంపేముందు డేటాని ఉంచుకునే మెమరీ), ఆఖరికి డిస్క్. ఏ తేడా వచ్చినా ‘అక్షరాలు ఏ మజిలీలో ఆగిపోయాయి?’ అని అడిగితే చాలావరకు జవాబు దొరుకుతుంది.

ఆ దారి పట్టేముందు ఒక దగ్గరి దారి చెప్పాలి. ప్రోగ్రామ్ ప్రింట్ చేసేదంతా ఒక ఫైల్లో పడితే చాలు అనుకుంటే కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు. కమాండ్ చివర > గుర్తు పెట్టి ఫైల్ పేరు ఇస్తే ప్రింట్‌ఎఫ్ రాసేదంతా అందులోకి వెళ్తుంది. పాతది ఉంచి దాని కింద చేర్చాలంటే >> వాడాలి. ఎర్రర్ మెసేజ్‌లు వేరే గొట్టంలో, అంటే స్టాండర్డ్ ఎర్రర్‌లో వస్తాయి కాబట్టి అవి ఇంకా స్క్రీన్ మీదే కనిపిస్తాయి. వాటినీ అదే ఫైల్లోకి పంపడానికి 2>&1 చేర్చాలి. ఇక్కడ వరుస తప్పితే పని చెడుతుంది. ముందు > ఫైల్ పేరు రావాలి, తర్వాతే 2>&1. తిరగేసి రాస్తే ఎర్రర్లు స్క్రీన్ మీదే ఉండిపోతాయి, ఎందుకంటే మన కమాండ్లు చదివి నడిపే షెల్ ఎడమ నుంచి కుడికి చదువుతుంది, 2>&1 అంటే ‘1 (ప్రింట్‌ఎఫ్ రాసే స్టాండర్డ్ అవుట్‌పుట్) ఇప్పుడు ఎటు వెళ్తోందో 2ని (స్టాండర్డ్ ఎర్రర్‌ని) కూడా అటే పంపు’ అని అర్థం. ఆ క్షణానికి 1 ఇంకా స్క్రీన్ వైపే ఉంది.

చిన్న ప్రోగ్రామ్‌లకి ఇదే మంచి పద్ధతి అని నా అభిప్రాయం. ఫైల్ పేరు కోడ్‌లోనే పాతేసిన ప్రోగ్రామ్ కంటే, స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి రాసేసి అది ఎటు పోవాలో వాడేవాళ్ళకి వదిలేసే ప్రోగ్రామ్ ఎక్కువ చోట్ల పనికొస్తుంది. ఒకేసారి రెండు మూడు ఫైళ్ళలో రాయాలన్నా, ఫైల్ పేరు ప్రోగ్రామే నిర్ణయించాలన్నా, రాసింది భద్రంగా చేరిందో లేదో తెలుసుకోవాలన్నా మాత్రం మనమే ఫైల్ తెరవాలి.

తెరిచినప్పుడే జరిగిపోయేవి

ఎఫ్‌ఓపెన్‌కి రెండు మాటలు ఇస్తాం: ఫైల్ పేరు, మోడ్. మోడ్‌లలో డబ్ల్యూ అందరికీ అలవాటు, అన్నిటికంటే ప్రమాదకరమైనది కూడా అదే. ఆ పేరుతో ఫైల్ ముందే ఉంటే దాన్ని తెరిచిన క్షణంలోనే ఖాళీ చేసేస్తుంది. మీరు తర్వాత ఏమీ రాయకపోయినా, వెంటనే ప్రోగ్రామ్ ఆగిపోయినా పాతది పోయినట్టే. ‘ముందు తెరుద్దాం, ఏం రాయాలో తర్వాత లెక్కేద్దాం’ అనుకునే కోడ్‌లో ఆ లెక్క మధ్యలో తప్పితే చేతిలో పాత ఫైలూ ఉండదు, కొత్తదీ ఉండదు. లెక్కంతా అయ్యాకే తెరవడం మంచి అలవాటు.

‘ఎ’ (a) అనే మోడ్ వేరు. అది పాతదాన్ని ముట్టుకోదు, రాసే ప్రతి ముక్కా ఫైల్ చివరకే చేరుతుంది. మధ్యలో ఎఫ్‌సీక్‌తో వెనక్కి జరిగినా సరే, రాయడం చివరే జరుగుతుంది. లాగ్ ఫైళ్ళకి ఇదే సరైన మోడ్. 2011లో వచ్చిన సి ప్రమాణం డబ్ల్యూ పక్కన ఎక్స్ అనే అక్షరం చేర్చుకునే వీలిచ్చింది. అలా తెరిస్తే, ఫైల్ ముందే ఉన్నప్పుడు ఎఫ్‌ఓపెన్ విఫలమవుతుంది. ఎవరి ఫైల్‌నో పొరపాటున తుడిచేయకుండా ఉండటానికి ఇంత చిన్న కాపలా ఉన్నా వాడేవాళ్ళు తక్కువే.

ఎఫ్‌ఓపెన్ విఫలమైతే నల్ పాయింటర్ ఇస్తుంది. దాన్ని చూసుకోకుండా ఎఫ్‌ప్రింట్‌ఎఫ్‌కి అందిస్తే ప్రోగ్రామ్ అక్కడికక్కడే కూలిపోవడం మామూలు. నల్ వచ్చిందని తెలిస్తే సరిపోదు, ఎందుకొచ్చిందో కూడా తెలియాలి. పీఎర్రర్ అనే ఫంక్షన్ పిలిస్తే అనుమతి లేదా, ఫోల్డర్ లేదా, మరీ ఎక్కువ ఫైళ్ళు తెరిచి ఉన్నాయా అన్నది మాటల్లో చెప్తుంది. ఆ చివరి కారణం లూప్‌లో ఫైళ్ళు తెరిచి మూయడం మర్చిపోయిన కోడ్‌లో కనిపిస్తుంది. లినక్స్‌లో ఒక ప్రాసెస్ తెరవగలిగే ఫైళ్ళ పరిమితి మామూలుగా 1024. అందులో మూడు ముందే స్టాండర్డ్ ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఎర్రర్‌లకి పోతాయి. వెయ్యి ఫైళ్ళ దాకా చక్కగా నడిచిన ప్రోగ్రామ్ హఠాత్తుగా మొండికేస్తే ముందు అక్కడ వెతకండి.

‘ప్రోగ్రామ్ నడిచింది, ఫైల్ మాత్రం ఎక్కడా లేదు’ అనేది కొత్తగా నేర్చుకునేవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న. ఫైల్ ఉంటుంది, మీరు చూస్తున్న చోట ఉండదు. ఉత్త పేరు ఇస్తే ఆ ఫైల్ ప్రోగ్రామ్ ఏ డైరెక్టరీలో నిలబడి నడుస్తోందో అక్కడ పుడుతుంది. అది సోర్స్ కోడ్ ఉన్న చోటు కానక్కర్లేదు. ఎడిటర్‌లో బటన్ నొక్కి నడిపినప్పుడు ఆ డైరెక్టరీని ఎడిటరే నిర్ణయిస్తుంది. విండోస్‌లో దారి పూర్తిగా రాసేవాళ్ళకి ఇంకో చిక్కు. సి స్ట్రింగ్‌లో బ్యాక్‌స్లాష్‌కి ప్రత్యేక అర్థం ఉంది. న్యూ, టెస్ట్ అనే ఫోల్డర్ల పేర్లని ఒక్కో బ్యాక్‌స్లాష్‌తో రాస్తే \ఎన్ కాస్తా కొత్త లైన్, \టి కాస్తా ట్యాబ్ అయిపోతాయి. అలాంటి దారి డిస్క్‌లో ఎక్కడా ఉండదు. బ్యాక్‌స్లాష్‌ని రెండుసార్లు రాయాలి, లేదా మామూలు స్లాష్ వాడాలి. విండోస్‌లో ఎఫ్‌ఓపెన్ దాన్ని కూడా ఒప్పుకుంటుంది.

మొదటి మజిలీ

ఇక అసలు సంగతి. కెర్నెల్‌ని పిలిచి ‘ఇది రాసిపెట్టు’ అనడాన్ని సిస్టమ్ కాల్ అంటారు. మామూలు ఫంక్షన్ పిలుపుతో పోలిస్తే అది ఖరీదైన వ్యవహారం. ప్రాసెసర్ మీ ప్రోగ్రామ్‌ని పక్కనపెట్టి కెర్నెల్‌లోకి వెళ్ళి మళ్ళీ రావాలి. ఒక్కో అక్షరానికి ఒక్కో సిస్టమ్ కాల్ చేస్తే ప్రోగ్రామ్ నత్తనడక నడుస్తుంది. బావి నుంచి చుక్కచుక్కనీ ఇంటికి మోయం కదా, బిందె నిండాకే ఎత్తుకుంటాం. ఆ బిందె ఈ బఫర్. 1970ల తొలి సంవత్సరాల్లో బెల్ ల్యాబ్స్‌లో మైక్ లెస్క్ రాసిన ఇన్‌పుట్ అవుట్‌పుట్ ప్యాకేజీ తర్వాత మెరుగులు దిద్దుకుని సి ప్రామాణిక లైబ్రరీలో భాగమైంది. 1979లో వచ్చిన యూనిక్స్ ఏడో ఎడిషన్‌లో ఇప్పుడు మనం వాడే రూపం దాదాపుగా కనిపిస్తుంది. బఫర్ అప్పటి నుంచీ ఉంది, అంటే ఈ చిక్కులకి కూడా అంత వయసుంది.

బఫర్ ఎప్పుడు ఖాళీ అవుతుంది అన్నదాన్ని బట్టి మూడు రకాలు. బఫర్ నిండాకే పంపేది పూర్తి బఫరింగ్. కొత్త లైన్ రాగానే పంపేది లైన్ బఫరింగ్. ఏదీ దాచుకోకుండా వచ్చింది వచ్చినట్టు పంపేది మూడోది. మనం ఎఫ్‌ఓపెన్‌తో తెరిచిన మామూలు ఫైల్‌కి పూర్తి బఫరింగ్ ఉంటుంది. స్టాండర్డ్ ఎర్రర్‌కి మామూలుగా బఫరే ఉండదు. స్టాండర్డ్ అవుట్‌పుట్ మాత్రం అటు చివర ఎవరున్నారో చూసి రంగు మారుస్తుంది. యూనిక్స్ తరహా సిస్టమ్‌లలో టెర్మినల్ ఉంటే లైన్ బఫరింగ్, ఫైలో పైపో ఉంటే పూర్తి బఫరింగ్.

స్క్రీన్ మీద వరుసగా కనిపించినవి ఫైల్లో తారుమారవడానికి కారణం ఇదే. స్క్రీన్ మీద ప్రింట్‌ఎఫ్ రాసిన ప్రతి లైనూ వెంటనే బయటపడుతుంది, ఎర్రర్ మెసేజ్ కూడా వెంటనే పడుతుంది, రెండూ కలిసి సరైన క్రమంలో ఉంటాయి. ఫైల్లోకి మళ్ళించాక ప్రింట్‌ఎఫ్ లైన్లు బఫర్‌లో కూర్చుంటాయి, ఎర్రర్లు మాత్రం ఆగకుండా వెళ్ళిపోతాయి. చివరికి ఫైల్లో ఎర్రర్లన్నీ పైన, వాటికి కారణమైన మెసేజ్‌లన్నీ కింద. దీన్ని చూసి ప్రోగ్రామ్‌లో పనులే తప్పు క్రమంలో జరుగుతున్నాయని బెంబేలెత్తి లాజిక్ మార్చడం మొదలుపెట్టేవాళ్ళున్నారు.

లినక్స్‌లో మీరే చేసి చూడగలిగిన చిన్న ప్రయోగం ఒకటుంది. సెకనుకి ఒక లైన్ చొప్పున, ప్రతి లైన్ సరిగ్గా 40 బైట్లు ఉండేట్టు ఒక ఫైల్లో రాసే లూప్ పెట్టండి. ఇంకో టెర్మినల్‌లో ఆ ఫైల్ పరిమాణం చూస్తూ ఉండండి. నిమిషమైనా సున్నానే. గ్నూ సి లైబ్రరీ మామూలుగా డిస్క్ ఫైల్‌కి 4096 బైట్ల బఫర్ తీసుకుంటుంది కాబట్టి 102 లైన్లు, అంటే 4080 బైట్లు, నిశ్శబ్దంగా లోపలే పేరుకుంటాయి. 103వ లైన్ రాసేటప్పుడు బఫర్ నిండి ఒక్కసారిగా 4096 బైట్లు ఫైల్లో పడతాయి. అంటే ఆ లైన్‌లో మొదటి 16 బైట్లే బయటికొచ్చాయి, మిగతా 24 బైట్లు తర్వాతి విడత కోసం లోపలే ఉన్నాయి. ఇప్పుడు ఆ ప్రాసెస్‌ని బలవంతంగా చంపేస్తే ఆఖరి లైన్ సరిగ్గా 16 బైట్ల దగ్గర తెగి ఉంటుంది. లాగ్‌లో లైన్ సగంలో తెగిందంటే ప్రోగ్రామ్ ఆ లైన్ రాస్తూ చచ్చిపోయిందని అనుకోకూడదు. అది అంతకన్నా ఎంతో ముందుకెళ్ళి, ఇంకెక్కడో పడిపోయి ఉంటుంది. క్రాష్ ఎక్కడ జరిగిందో లాగ్ చూసి కనిపెట్టబోయి రోజంతా తప్పు ఫంక్షన్‌లో తవ్వడం ఇలాగే జరుగుతుంది.

ప్రోగ్రామ్ ఎలా ముగిసిందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. మెయిన్ నుంచి రిటర్న్ అయినా, ఎగ్జిట్ పిలిచినా తెరిచి ఉన్న ఫైళ్ళ బఫర్లన్నీ ఖాళీ చేసే మూస్తారు. అందుకే ఎఫ్‌క్లోజ్ మర్చిపోయిన ప్రోగ్రామ్‌లు కూడా చాలాసార్లు బాగానే నడిచినట్టు కనిపిస్తాయి. సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తనది కాని మెమరీని ముట్టుకుని ప్రోగ్రామ్ కూలడం) వచ్చినా, ఎవరైనా కిల్ చేసినా, ముందు అండర్‌స్కోర్ ఉన్న ఎగ్జిట్ పిలిచినా ఆ మర్యాదలేవీ ఉండవు. బఫర్‌లో ఉన్నది మెమరీతో పాటే పోతుంది.

దీనికి పూర్తిగా తలకిందులైన వింత కూడా ఉంది: ఒకసారి రాసింది రెండుసార్లు కనిపించడం. యూనిక్స్ తరహా సిస్టమ్‌లలో ఫోర్క్ పిలిస్తే ప్రాసెస్ మెమరీ మొత్తానికి నకలు తయారవుతుంది, అందులో బఫర్ కూడా ఉంటుంది. ఫోర్క్‌కి ముందు ప్రింట్ చేసిన లైన్ బఫర్‌లో మిగిలి ఉంటే తల్లి ప్రాసెస్ ఒకసారి, పిల్ల ప్రాసెస్ ఒకసారి దాన్ని ఫైల్లోకి తోస్తాయి. స్క్రీన్ మీద నడిపితే ఒక్కసారే కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ లైన్ ముందే బయటపడి ఉంటుంది. ఫోర్క్‌కి ముందు ఒక్క ఎఫ్‌ఫ్లష్ (బఫర్‌ని అప్పటికప్పుడు ఖాళీ చేసే ఫంక్షన్) పెడితే సమస్య తీరిపోతుంది.

ఫ్లష్ ఎంతదాకా తోస్తుంది?

ఎఫ్‌ఫ్లష్ గురించి చాలామందిలో ఉన్న నమ్మకం, అది డేటాని డిస్క్‌కి చేరుస్తుందని. అది చేర్చేది రెండో మజిలీకి, అంటే కెర్నెల్ పేజ్ క్యాష్‌కి మాత్రమే. అయితే అది తక్కువ సంగతేమీ కాదు. అక్కడికి చేరాక మీ ప్రోగ్రామ్ క్రాష్ అయినా డేటాకి ఏమీ కాదు, వేరే ప్రోగ్రామ్‌లు ఆ ఫైల్ తెరిస్తే కొత్త లైన్లు కనిపిస్తాయి. ప్రోగ్రామ్ మాత్రమే చావగలదు అనుకుంటే ఇది సరిపోతుంది.

కరెంటు పోవడం, మెషిన్ మొత్తం ఆగిపోవడం వేరే లెక్క. పేజ్ క్యాష్ ఉన్నది మెమరీలోనే. లినక్స్ మామూలు సెట్టింగ్‌లలో కొత్తగా రాసిన పేజీలు 30 సెకన్ల పాతబడ్డాక డిస్క్‌కి పంపడానికి అర్హమవుతాయి. ఆ పని చేసే కెర్నెల్ థ్రెడ్ 5 సెకన్లకోసారి లేచి చూస్తుంది. అప్పటిదాకా మీ డేటా గాల్లో దీపమే. ఇప్పుడే డిస్క్‌కి చేరాలంటే ఎఫ్‌సింక్ అనే వేరే పిలుపు కావాలి. అది సి ప్రమాణంలోది కాదు, యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్‌ది. దానికి ఫైల్ పాయింటర్ అక్కర్లేదు, తెరిచిన ఫైల్‌కి కెర్నెల్ ఇచ్చే డిస్క్రిప్టర్ నంబర్ కావాలి, ఆ నంబర్‌ని ఫైల్‌నో ఫంక్షన్ ఇస్తుంది. ముందు ఎఫ్‌ఫ్లష్, ఆ తర్వాతే ఎఫ్‌సింక్. మొదటిది మర్చిపోతే ఎఫ్‌సింక్ పేజ్ క్యాష్‌లో ఉన్నదాన్ని మాత్రమే తోస్తుంది, మీ బఫర్‌లో ఉన్నది అక్కడే ఉంటుంది.

‘అయితే ప్రతి లైన్ తర్వాతా రెండూ పిలిచేస్తే పోలా?’ అనిపిస్తుంది. ప్రతి లైన్‌కీ ఎఫ్‌ఫ్లష్ అంటే ప్రతి లైన్‌కీ ఒక సిస్టమ్ కాల్. లాగ్‌లకి ఆ ఖర్చు పెట్టొచ్చు, లక్షల లైన్ల డేటా ఫైల్‌కి పెట్టకూడదు. ఎఫ్‌సింక్ ఇంకా ఎన్నో రెట్లు ఖరీదు, ఎందుకంటే డిస్క్ ‘చేరింది’ అని చెప్పేదాకా ప్రోగ్రామ్ నిలబడి ఎదురుచూడాలి. నా వరకు పద్ధతి ఇది: లాగ్ ఫైల్‌కి లైన్ బఫరింగ్, పెద్ద ఫలితాల ఫైల్‌కి మామూలు పూర్తి బఫరింగ్, పోతే మళ్ళీ రానిదానికి మాత్రమే ఎఫ్‌సింక్, అదీ ఒక విడత పూర్తయ్యాక ఒకసారి.

ఫైల్‌ని లైన్ బఫరింగ్‌కి మార్చడానికి సెట్‌వీబఫ్ ఉంది. తెరిచిన వెంటనే, ఆ ఫైల్ మీద ఇంకే పనీ చెయ్యకముందే దాన్ని పిలవాలి. మైక్రోసాఫ్ట్ సి లైబ్రరీలో ఒక మెలిక ఉంది: అక్కడ లైన్ బఫరింగ్ అడిగినా పూర్తి బఫరింగే వస్తుంది. విండోస్‌లో కూడా నడవాల్సిన లాగ్ కోడ్‌లో లైన్ తర్వాత ఎఫ్‌ఫ్లష్ పెట్టుకోవడమే దారి. సెట్‌వీబఫ్‌కి మీ సొంత అర్రే ఇచ్చేటప్పుడు అది ఫంక్షన్ లోపలి లోకల్ అర్రే కాకుండా చూసుకోండి. ఫంక్షన్ ముగిశాక ఆ చోటు వేరే వాటికి పోతుంది, లైబ్రరీ మాత్రం అక్కడే రాస్తూ ఉంటుంది.

తప్పు ఎప్పుడు బయటపడుతుంది

బఫర్ సంగతి అర్థమయ్యాక ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ ఇచ్చే విలువ ఎంత నమ్మదగ్గదో కూడా అర్థమవుతుంది. సవ్యంగా జరిగితే అది రాసిన బైట్ల సంఖ్య ఇస్తుంది, తప్పైతే రుణ సంఖ్య. చాలాసార్లు ఆ ‘సవ్యం’ అంటే బఫర్‌లో చోటు దొరికిందని మాత్రమే. డిస్క్ నిండిందన్న సంగతి బఫర్‌ని కెర్నెల్‌కి తోసేటప్పుడే తెలుస్తుంది. చిన్న ఫైల్ అయితే ఆ తోపు జరిగేది ఎఫ్‌క్లోజ్‌లో. అంటే అసలు వార్త తెలిసేది చివరి పిలుపులో, ఆ పిలుపు ఇచ్చే విలువనేమో దాదాపు ఎవరూ చూడరు.

లినక్స్‌లో దీన్ని పరీక్షించడానికి డిస్క్ నింపక్కర్లేదు. /డెవ్/ఫుల్ అనే ప్రత్యేక ఫైల్ ఉంది. దాంట్లో ఏం రాసినా చోటు లేదన్న జవాబే వస్తుంది. మొట్టమొదటి పాఠంలో రాసే ఒక్క ప్రింట్‌ఎఫ్ ప్రోగ్రామ్‌ని కంపైల్ చేసి దాని అవుట్‌పుట్‌ని అందులోకి మళ్ళించండి. ప్రోగ్రామ్ ఏ మెసేజూ ఇవ్వదు. షెల్‌లో ఎగ్జిట్ కోడ్ అడిగితే సున్నా, అంటే విజయం. రాయమన్న ఒకే ఒక్క లైన్ ఎక్కడికీ చేరలేదు, అయినా విజయం! అదే చోటుకి గ్నూ కోర్‌యుటిల్స్ (లినక్స్‌లో రోజూ వాడే కమాండ్ల మూట) లోని ఎకో ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ని పంపితే అది చోటు లేదని ఫిర్యాదు చేసి తప్పు కోడ్‌తో బయటికొస్తుంది. ఎందుకంటే కోర్‌యుటిల్స్ కమాండ్లు వెళ్ళిపోయేముందు స్టాండర్డ్ అవుట్‌పుట్‌ని తామే మూసి, ఆ మూయడం సవ్యంగా జరిగిందో లేదో చూసుకుంటాయి.

అలాగని ప్రతి ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ చుట్టూ ఇఫ్ కట్టక్కర్లేదు, కోడ్ చదవలేనట్టు తయారవుతుంది. ఫైల్ పాయింటర్‌లో ఒక ఎర్రర్ జెండా ఉంటుంది. ఎప్పుడైనా తప్పు జరిగితే అది పైకి లేచి, మనం కావాలని దించేదాకా అలాగే ఉంటుంది. కాబట్టి రాయడమంతా అయ్యాక ఎఫ్‌ఎర్రర్‌తో ఒకసారి జెండా చూడండి, తర్వాత ఎఫ్‌క్లోజ్ ఇచ్చే విలువ సున్నానా కాదా చూడండి. ఈ రెండు చోట్ల చూస్తే చాలు. ఎఫ్‌క్లోజ్ విఫలమైనా ఆ పాయింటర్‌ని మళ్ళీ వాడకూడదు, మళ్ళీ మూయకూడదు. దాని ఆయుష్షు అక్కడికి తీరిపోయింది.

టెక్స్ట్ అన్న మాటలో దాగినవి

టెక్స్ట్ ఫైల్లో రాస్తున్నాం కాబట్టి లోపలికెళ్ళే అక్షరాల సంగతి కూడా కొంత చూడాలి. విండోస్‌లో టెక్స్ట్ మోడ్‌లో \ఎన్ రాస్తే ఫైల్లో రెండు బైట్లు పడతాయి. లినక్స్‌లో ఒకటే. మోడ్‌లో బి చేరిస్తే ఈ మార్పిడి ఆగుతుంది. పోసిక్స్ సిస్టమ్‌లలో బి ఉన్నా లేకపోయినా ఒకటే. ఫైల్ పరిమాణం రెండు మెషిన్లలో వేరుగా ఉందంటే ముందు ఇదే అనుమానించండి. పుట్స్ తనంతట తానే చివర కొత్త లైన్ చేరుస్తుంది, ఎఫ్‌పుట్స్ చేర్చదు. ఎందుకిలా అని అడిగితే అదంతే, గుర్తుపెట్టుకోవాల్సిందే.

దశాంశ సంఖ్యలు ఇంకాస్త శ్రద్ధ అడుగుతాయి. %ఎఫ్ చుక్క తర్వాత ఆరు అంకెలే రాస్తుంది. 0.1, 0.2 కలిపి వచ్చిన డబుల్ విలువని అలా రాస్తే ఫైల్లో 0.300000 కనిపిస్తుంది. దాన్ని మళ్ళీ చదివితే మొదటి విలువ రాదు, ఎందుకంటే ఆ విలువ అసలు 0.3కి కొంచెం పైన ఉంది. %.17జి వాడితే 0.30000000000000004 అని పడుతుంది. చూడటానికి బాగోదు, కానీ చదివితే అచ్చం అదే డబుల్ తిరిగొస్తుంది. మనుషుల కోసం రాసే ఫైల్‌కి మొదటిది, ఇంకో ప్రోగ్రామ్ చదవాల్సిన ఫైల్‌కి రెండోది.

తెలుగులో రాసేవాళ్ళకి ఇంకో చిక్కు వరుసలు కుదరకపోవడం. %-20ఎస్ అంటే 20 అక్షరాల వెడల్పు అనుకుంటాం, సి మాత్రం బైట్లు లెక్కపెడుతుంది. అక్షరాలని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. ‘తెలుగు’ అన్న మాటలో హల్లులు మూడు, వాటి గుణింతపు గుర్తులు మూడు, వెరసి 18 బైట్లు. కాబట్టి దాని పక్కన రెండే ఖాళీలు పడతాయి. ‘రమ’ అన్న పేరుకి 6 బైట్లు, పక్కన 14 ఖాళీలు. స్క్రీన్ మీద ఒకటి మూడక్షరాలు, ఇంకోటి రెండక్షరాలు, రెండో కాలమ్ మాత్రం ఎక్కడికో కొట్టుకుపోతుంది. కత్తిరించడం ఇంకా ఘోరం. %.10ఎస్ అని రాస్తే ‘తెలుగు’లో మొదటి 9 బైట్లకి ‘తెల’ వచ్చి, పదో బైట్‌గా కొమ్ము గుర్తులోని మొదటి ముక్క మాత్రమే ఫైల్లో పడుతుంది. దాన్ని తెరిచిన ఎడిటర్‌లో చివర ఒక ప్రశ్నార్థకమో డబ్బానో కనిపిస్తుంది. తెలుగు పేర్లున్న పట్టికని ఖాళీలతో సర్దే ప్రయత్నం మానేసి, కాలమ్‌ల మధ్య ట్యాబో కామానో పెట్టి స్ప్రెడ్‌షీట్‌లో తెరుచుకోవడం నయం.

వాడేవాళ్ళు టైప్ చేసిన మాటని ఎఫ్‌ప్రింట్‌ఎఫ్‌కి ఫార్మాట్ స్థానంలో నేరుగా ఇవ్వకండి. అందులో % గుర్తు ఉంటే లైబ్రరీ దాన్ని ఆదేశంగా చదువుతుంది. %ఎన్ అయితే మెమరీలో రాయగలదు కూడా, దీని ద్వారా జరిగిన దాడులు ఎన్నో ఉన్నాయి. ఉన్నదున్నట్టు రాయడానికి ఎఫ్‌పుట్స్ ఉంది.

ఉన్న ఫైల్‌ని మార్చాల్సి వస్తే

సెట్టింగ్‌ల ఫైల్ లాంటిది ఒకటుంది, అందులో ఒక లైన్ మారాలి. టెక్స్ట్ ఫైల్ మధ్యలో పొడవైన లైన్‌ని దూర్చడానికి సిలో ఏ ఫంక్షనూ లేదు. ఉన్న బైట్ల మీద అంతే పొడవుతో తిరగరాయొచ్చు, అంతే. కాబట్టి మొత్తం ఫైల్ మళ్ళీ రాయాలి. డబ్ల్యూతో తెరిచి రాసేయడం అందరికీ తట్టే దారి. ఇప్పటిదాకా చెప్పుకున్నవన్నీ ఒక్కచోట కలిపి చూస్తే అందులోని ప్రమాదం కనిపిస్తుంది. తెరిచిన క్షణంలో పాతది పోయింది, కొత్తది ఇంకా మొదటి మజిలీలోనే ఉంది. ఆ మధ్యలో ఏం జరిగినా చేతికి ఖాళీ ఫైలే వస్తుంది.

అందుకే అనుభవమున్నవాళ్ళు పక్కన వేరే పేరుతో, అదే డైరెక్టరీలో, కొత్త ఫైల్ తెరుస్తారు. అందులో అంతా రాసి, ఎఫ్‌ఫ్లష్ చేసి, ఎఫ్‌ఎర్రర్ చూసి, ఎఫ్‌సింక్ పిలిచి, ఎఫ్‌క్లోజ్ విలువ కూడా చూసుకుంటారు. అన్నీ బాగుంటేనే రీనేమ్‌తో పాత పేరు మీదకి మారుస్తారు. పోసిక్స్ సిస్టమ్‌లలో ఆ పేరు మార్పు ఒక్క దెబ్బకి జరుగుతుంది. ఆ ఫైల్‌ని చదువుతున్న వేరే ప్రోగ్రామ్‌కి పాతదైనా పూర్తిగా కనిపిస్తుంది, కొత్తదైనా పూర్తిగా కనిపిస్తుంది, సగం సగం ఎప్పుడూ కనిపించదు. అదే డైరెక్టరీ అని ఎందుకన్నానంటే, వేరే ఫైల్ సిస్టమ్‌లోకి రీనేమ్ పనిచేయదు. విండోస్‌లో అదే పేరుతో ఫైల్ ముందే ఉంటే సి లైబ్రరీ రీనేమ్ విఫలమవుతుంది, అక్కడ పాతదాన్ని మార్చేసే విండోస్ సొంత ఫంక్షన్ వాడాలి.

ఈ వరుసలో ఎఫ్‌సింక్ ఒక్కటి వదిలేస్తే ఏమవుతుందో 2009లో లినక్స్ లోకం చూసింది. అప్పటికి ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ కొత్తగా వాడకంలోకి వస్తోంది. డేటాకి డిస్క్‌లో చోటు కేటాయించడాన్ని అది వీలైనంత వాయిదా వేస్తుంది, వేగం కోసం. మెషిన్ హఠాత్తుగా ఆగి మళ్ళీ లేచాక కొందరికి డెస్క్‌టాప్ సెట్టింగ్‌ల ఫైళ్ళు సున్నా బైట్లతో కనిపించాయి. పేరు మార్పు డిస్క్‌కి చేరింది, లోపలి డేటా ఇంకా రెండో మజిలీలోనే ఉండిపోయింది. తప్పు ఫైల్ సిస్టమ్‌దా, ఎఫ్‌సింక్ పిలవని ప్రోగ్రామ్‌లదా అని పెద్ద వాదనే నడిచింది. చివరికి కెర్నెల్ 2.6.30లో, ఇలా రీనేమ్‌తో మార్చే ఫైళ్ళకీ, ఖాళీ చేసి తిరగరాసే ఫైళ్ళకీ డేటాని త్వరగా డిస్క్‌కి తోసే ఏర్పాటు చేశారు. ఆ ఏర్పాటు నష్టపోయే అవకాశాన్ని బాగా తగ్గించింది, హామీ మాత్రం ఇవ్వలేదు. డేటా డిస్క్‌కి చేరిందన్న హామీ కావాల్సిన ప్రోగ్రామ్ ఇప్పటికీ ఎఫ్‌సింక్‌ని తానే పిలుచుకోవాలి.